నాలుగోసారి తెగితే

జనవరి 26, ఆదివారం

మా అత్తమ్మకి నేనంటే ఇష్టమా, అలవాటా?

పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. ఎమ్మెస్సీ చదివాను. కాలేజీలో జువాలజీ చెబుతాను. కప్ప గుండెకి ఎన్ని గదులో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. అడిగితే, ఇదేం ప్రశ్న మే, పొద్దున్నే పనేం లేదా నీకు అంటుంది. ఆ జవాబు రెండింటికీ సరిపోతుంది.

ఈ రోజు మళ్లీ గుర్తు రావడానికి కారణం బోటు. బోటు గురించి రాత్రి భోజనాల దగ్గర గొడవైంది. అత్తమ్మ నా వైపు మాట్లాడింది. నా వైపా, బోటు వైపా, అదీ తేలలేదు.

మోటరు తాడు మళ్లీ తెగింది. ఇది మూడోసారి.

మూడు నెలల కిందట మా ఆయన మధు ఈ బోటుని చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన గాలం వేసే సరదా ఉన్న మనిషి. చిన్న ఫైబర్ బోటు. ముందు భాగంలో బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటర్. చప్పుడు లేదు, పొగ లేదు. పక్షుల పక్కనుంచి వెళ్లినా అవి తల తిప్పి చూస్తాయి, అంతే. లోతు ఉన్నచోట మోటరు నీళ్లలోకి దిగుతుంది. లోతు తగ్గితే బోటు ముక్కు దగ్గర ఉన్న తాడు లాగాలి. మోటరు పైకి లేచి, బ్రాకెట్ మీద పడుకుని, టక్కుమంటుంది. తాడు చివర నల్ల పిడి. పని మొత్తం ఆ తాడుదే.

ఇవాళ ఊరి పక్క ఉప్పుకాలవలో తిరిగి వస్తున్నాం, నేనూ మధూ. ఇసుక మేట దగ్గరికి రాగానే తాడు లాగాను. పిడి నా చేతిలోకి వచ్చేసింది. నేను వెనక్కి పడి టిఫిన్ క్యారియర్ మీద కూర్చున్నాను. మోటరు కిందే ఉండిపోయి, దాని రెక్క బురదలో దిగబడింది. మధు ప్యాంటు మడుచుకుని దిగి బోటు తోశాడు. ఒక చెప్పు కాలవకి ఇచ్చి వచ్చాడు.

గట్టు ఎక్కాక శపథం చేశాడు. నాలుగోసారి తెగిందంటే బోటు రఫీకి ఇచ్చేస్తాడట. రఫీ తన స్కూల్ ఫ్రెండు. పక్క ఊళ్లో రొయ్యల చెరువులు. మేత చల్లడానికి బోటు కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. చెరువులో మోటరు ఎత్తే పనుండదు కాబట్టి తాడు ఎలా ఉన్నా వాడికి ఫరవాలేదట.

అత్తమ్మ అన్నం కలుపుతూ, ఇంటికొచ్చిన బండిని ఎవురన్నా ఎల్లగొడతారంట్రా అంది. ఆవిడ లెక్కలో బోటు కూడా బండే. ఎప్పుడూ ఎక్కలేదు. కానీ ప్రతి శుక్రవారం షెడ్డులో ట్రాక్టరుకి, నా స్కూటీకి, ట్రాలీ మీద ఉన్న బోటుకి, అందరికీ పసుపు కుంకుమ ఆవిడ చేత్తోనే.

నాకు ఆ బోటు కావాలి. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటున్నాను. వారమంతా ప్రతిదానికీ ఇదా అదా అని కొట్టుకునే నా బుర్ర ఆ నీళ్ల మీద మాత్రం ఊరుకుంటుంది. అది పోతే నా ఆదివారాలు మళ్లీ ఇస్త్రీ బట్టలే.

జనవరి 27, సోమవారం

తాడు ఎందుకు తెగుతోందో ఊళ్లో అందరికీ తెలుసు. మధు ఉప్పునీళ్లు అంటాడు. రేవులో పడవలు చూసుకునే ముత్యాలయ్య, మా షెడ్డులో పందికొక్కులు అంటాడు. అంతా అయ్యాక మధు ఇంకో కారణం చెప్పాడు: నేను. బావిలో నీళ్లు చేదినట్టు లాగుతానట.

మిగతావాళ్లు చెప్పినవి నమ్మలేదు. ఇది మాత్రం వెంటనే నమ్మాను. నా మీద అనుమానమైతే నాకు సాక్ష్యం అక్కర్లేదు.

జనవరి 28, మంగళవారం

కాలేజీ నుంచి వస్తూ విడవలూరులో నాగూర్ షాపు దగ్గర ఆగాను. మోటర్లు, పంపుసెట్లు, వాటి సామాన్లు అమ్ముతాడు. పాత తాడు ముక్క హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్లాను.

నన్ను చూడగానే మొహం అటు తిప్పుకున్నాడు. ఏందక్కా, మళ్లీనా, ఈ తాడుతో బర్రెల్ని కడతా ఉండారా ఏంది అన్నాడు. నా షాపు పేరు చెడిపోతా ఉండాది, ఈసారి తెగితే నెల్లూరుకి పోయి కొనుక్కోండి, నా పేరు మాత్రం చెప్పబాకండి అన్నాడు. ఉన్నవాటిలో గట్టిది ఇవ్వమన్నాను. గట్టిదని చెబితే నమ్మనని వాడికి తెలుసు. షట్టరు కొక్కేనికి ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని కాళ్లు పైకెత్తి వేలాడాడు. షట్టరు గడగడలాడింది. గోడకున్న క్యాలెండరు కింద పడింది. తాడుకి ఏమీ కాలేదు. టీ తాగుతున్న వాళ్లు చప్పట్లు కొట్టారు.

రేపొచ్చి బిగించి పోతా అన్నాడు. నేను అక్కర్లేదు, నేనే వేసుకుంటాను అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. అయితే ఒక మాట గుర్తు పెట్టుకోక్కా, కోసిన చివర్ని కొంచెం నిప్పుకి చూపించు, లేకుంటే పోగులు పోగులుగా ఊడిపోద్ది అన్నాడు.

దారంతా స్కూటీ మీద ఆలోచన: వచ్చు అని అన్నానా, నేర్చుకుంటా అని అన్నానా?

జనవరి 30, గురువారం, సాయంత్రం 5

వేశాను! నేనే వేశాను!

షెడ్డులో ఫోను బోటు అంచు మీద ఆనించి వీడియో పెట్టుకున్నాను. టోపీ పెట్టుకున్న ఒక తెల్ల ముసలాయన. అత్తమ్మ పీట వేసుకుని పక్కన కూర్చుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాదు గానీ వీడియో మొత్తం చూసింది. ఎవురో గానీ ఎంత నిమ్మళంగా చెప్తా ఉండాడు, మనోడైతే ఈపాటికి రెంచీ ఇసిరికొట్టేవోడు అంది. మనోడంటే ఆవిడ కొడుకు.

బ్రాకెట్ మూత స్క్రూలు విప్పి స్టీలు గ్లాసులో వేశాను. గ్లాసు అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ అడిగేదాకా ఒక్క స్క్రూ కింద పడనివ్వలేదు. లోపల తాడు ఒక చిన్న కంతలోంచి దూరి, ప్లాస్టిక్ చక్రం మీదుగా వెళ్లి, గొళ్లెం లాంటి ఇనప ముక్కకి ముడిపడి ఉంది. ఆ పాత ముడి రాయిలా బిగుసుకుపోయింది. అత్తమ్మ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. దాంతో ఊడింది. కొత్త తాడు కంతలో దూరనంటే దూరనంది. ఇట్టా దే అని లాక్కుని, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చేసినట్టు కొసని నోట్లో తడిపి, మెలితిప్పి ఇచ్చింది. ఒకే దెబ్బకి దూరింది. తర్వాత మాత్రం ముడి వేయడంలో ఇద్దరం పోట్లాడుకున్నాం. ఆవిడది దూడ ముడి, నాది వీడియో ముడి. వీడియో ముడి గెలిచింది. ఆవిడ ఒప్పుకోలేదు, ఊరుకుంది.

మిగిలిన కొస కోశాను. నాగూర్ చెప్పింది గుర్తొచ్చి అగ్గిపెట్టె అడిగాను. దేవుడి గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. మంట చూపించగానే నైలాను కరిగి, ముడుచుకుని, చల్లారాక గాజుపూసలా నున్నగా గట్టిపడింది.

ఈ పూసని ఇంతకుముందు ఎక్కడో చూశాను.

పిడి పట్టి లాగాను. మోటరు లేచింది, పడుకుంది, టక్. అత్తమ్మ, తలుపు గడియ పడినట్టు పడింది మే అంది. ఇరవై ఏళ్లలో ఆవిడ నన్ను పొగిడిన మాటల్లో ఇది పెద్దది. నన్నేనా, గడియనా?

అదే రోజు, 7

హ్యాండ్‌బ్యాగులోంచి పాత ముక్క తీసి చూశాను. తెగినచోట పోగులు ఊడలేదు. నున్నగా, గట్టిగా, గాజుపూసలా ఉంది.

ఉప్పుకి అరిగితే పీచు లేవాలి కదా. ఎలుక కొరికినా అంతే. రాపిడి వేడికి కరిగిందా? నేను అంత వేగంగా లాగుతానా?

జనవరి 31, శుక్రవారం

కాలేజీకి ఆలస్యమైంది. ఎందుకంటే షెడ్డు గుమ్మంలో నిలబడిపోయాను.

ప్రతి శుక్రవారం ఆ వేళకి నేను బస్సుకో, స్కూటీకో పరుగెడుతూ ఉంటాను. ఫ్రిజ్ మీద అత్తమ్మ నా కోసం పెట్టిన కనకాంబరాల దండ తీసుకుని, జడలో గుచ్చుకుంటూ వెళ్లిపోతాను. పూజ ఎప్పుడూ చూడలేదు. ఇవాళ స్కూటీ తాళం షెడ్డులో మర్చిపోయి వెనక్కి వచ్చాను.

అత్తమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పళ్లెంతో వచ్చింది. మొదట ట్రాక్టరు. బానెట్ మీద తమలపాకు, ఆకు మీద కర్పూరం, దండం. తర్వాత నా స్కూటీ, ముందు మడ్‌గార్డు మీద. తర్వాత బోటు. ఎక్కడ పెట్టాలి? బోటు ముక్కు మీద చదునుగా ఉన్న చోటు ఒకటే, మోటరు బ్రాకెట్. దాని మీద పసుపు రాసింది. అటూ ఇటూ పడి ఉన్న తాడుని ముద్దుగా సర్ది, పిడి పక్కన నీటుగా పెట్టింది. దానికి ఆనించి తమలపాకు. ఆకు మీద కర్పూరం బిళ్ల. వెలిగించి కళ్లు మూసుకుంది.

సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. మంట వంగింది. వంగి తాడుని నాకింది.

మంట ఆరాక తడిగుడ్డతో బ్రాకెట్ తుడిచింది. మసి లేదు, ఏమీ లేదు. తాడు మళ్లీ కొత్తదానిలా ఉంది. నన్ను చూసి, ఏం మే, ఇంకా పోలా అంది.

అదే రోజు, సాయంత్రం

ఉప్పు కాదు. పందికొక్కు కాదు. నేను కాదు.

ఫిబ్రవరి 1, శనివారం

అయినా అనుమానమే. ఒకసారి చూసినదాన్ని బట్టి తీర్మానం చేయకూడదని పిల్లలకి నేనే కదా చెప్పేది. ప్రయోగం చేశాను. వెనకవైపు మెట్టు మీద పాత తాడు ముక్క, పక్కన తమలపాకు, మీద కర్పూరం. వెలిగించి, గాలి కోసం విస్తరాకుతో విసిరాను. ఒక్క బిళ్ల చాలదు. రెండోది వెలిగించేసరికి తాడు మీద చిన్న చిన్న పూసలు లేచాయి. వంచితే పుల్లలా విరిగింది. రెండు వారాలో నాలుగు వారాలో ఇదే జరిగితే పిడి చేతికి వచ్చేస్తుంది. వచ్చింది కదా!

ఆ ఆనందంలో తల ఎత్తేసరికి అత్తమ్మ.

చెట్టు కింద నిలబడి ఎంతసేపట్నుంచి చూస్తోందో. నేను శనివారం పూట, తలంటుకుని, మెట్టు మీద తమలపాకు పెట్టి కర్పూరం వెలిగించి, ఆకుతో విసురుతున్నాను. ఆవిడ కళ్లు నీళ్లతో మెరిశాయి. దగ్గరికొచ్చి హారతి కళ్లకద్దుకుంది. ఇన్నాళ్లకి బుద్ధి పుట్టింది నా కోడలికి అంది. పక్కింటి వెంకటశేషమ్మని గోడ మీంచి పిలిచి, మా రేవతి చూడు, వెంకటేశ్వరసామికి హారతిస్తా ఉండాది అని చెప్పింది.

తాడు ముక్క మీద కాలు పెట్టి నిలబడ్డాను. కాస్త కాలింది.

ఇంక ఎలా చెప్పను?

ఫిబ్రవరి 2, ఆదివారం

ఉప్పుకాలవ. రాజహంసలు వచ్చాయి! మేట అవతల నీళ్లు గులాబీరంగు. మధు కూడా ఫోను జేబులో పెట్టేసి చూశాడు. ఇసుక మేట దగ్గర తాడు లాగాను. టక్. నా వైపు చూశాడు. మధు మొహంలో సంతోషం ఉంది, కొంచెం నిరాశ కూడా ఉంది. రఫీకి మాట ఇచ్చేశాడేమో.

చెప్పేయాల్సింది. మీ అమ్మ హారతికి తాడు కాలుతోంది అంటే ఒక్క క్షణం పని. కానీ మధు సంగతి నాకు తెలుసు. పొట్ట పట్టుకుని నవ్వుతాడు. ఆ నవ్వు రేవుకి పోతుంది, నాగూర్ షాపుకి పోతుంది, రఫీ చెరువు గట్టుకి పోతుంది. ఆవిడ బోటుకి మంచి జరగాలనే పెడుతోంది. ఊరు దాన్ని జోకులా చెప్పుకుంటుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఉపాయం ఒకటి. అత్తమ్మా, కర్పూరం హారతి పళ్లెంలోనే వెలిగించి తిప్పొచ్చు గదా, బోటు మీద గాలికి ఆరిపోతా ఉండాది అన్నాను. ఎంతో మామూలుగా అన్నాననుకున్నాను.

ఒప్పుకోలేదు. బండికి బండి మీదనే ఎలిగించాల, దూరం నించి చూపిస్తే అది హారతా, టార్చిలైటా అంది. మీ మామ తొలి ట్రాక్టరు తెచ్చినప్పట్నించీ ఇట్టనే పెడతా ఉండా, ఒక్క బండికన్నా యాక్సిడెంటు అయిందా అని అడిగింది. అవలేదు. నిజమే.

తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, నువ్వు మెట్టు మీద పెడతావు, నేను బోటు మీద పెట్టకూడదా అంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఉపాయం రెండు కూడా పోయింది. నిన్న సాయంత్రం తాడుని బ్రాకెట్ కిందికి తిప్పి, బోటు లోపలివైపు కొక్కేనికి తగిలించాను. కర్పూరం ఎక్కడ పెట్టినా అందదు. నిశ్చింతగా నిద్రపోయాను.

పొద్దున చూద్దును గదా, ఆవిడ తాడుని కొక్కెం నించి తీసి, విప్పి, యథాస్థానంలో పెట్టి, ఆకు ఆనించింది. ఎవురో తాడుని యాడనో తగిలించినారు, ఏ వస్తువు ఉండాల్సిన చోట అదుంటేనే పూజ అంది. ఆవిడ వంటింట్లో గరిటె అంగుళం జరిగినా తెలుస్తుంది. తాడు జరిగితే తెలియదని నేనెలా అనుకున్నాను?

సాయంత్రం వేలితో తడిమాను. పిడికి కొంచెం పైన ఒకచోట గట్టిగా, గరుగ్గా. గట్టి తాడే గానీ నిప్పుకి గట్టీ మెత్తనా ఉండదు.

మధు ఫోనులో ఎవరితోనో ఆదివారం రా, చూద్దువుగాని అంటున్నాడు. ఎవరని అడగలేదు. రఫీ అని తనే చెప్పాడు. ఊరికే చూడ్డానికేనట. నీళ్లలో ఒక రౌండు వేస్తాడట. తాడు ఆగితే బోటు మనదే, తెగితే వాడిదే, రెండింటికీ నేను రెడీ అన్నాడు నవ్వుతూ. నేను కారం దోసె మాడ్చేశాను.

ఫిబ్రవరి 8, శనివారం

కొత్త తాడు కోసం విడవలూరు వెళ్లాను. నాగూర్ షట్టరు మూసి ఉంది. వెంకటాచలంలో పెళ్లికి వెళ్లాడట. టీ కొట్టు వాళ్లు, వాడు వేలాడిన కొక్కెం చూపించి నవ్వారు. నెల్లూరు వెళ్దామా అనుకున్నాను. ఎవరికీ తెలియకుండా తాడు మార్చి, పందెం గెలిస్తే అది గెలుపా అని కూడా అనుకున్నాను. ఈ రెండు ఆలోచనల మధ్య చీకటి పడింది. ఇంటికొచ్చాను.

అత్తమ్మకి ఈ రాత్రే చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్లాను. చింతపండు పిసుకుతోంది. రేపు పులిహోరట. ఎందుకంటే, నేను కూడా బోటెక్కుతా అంది. అమ్మేసే బండైతే ఒక్కసారన్నా ఎక్కకపోతే ఎట్టా అంది.

చెప్పలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం

రాత వంకర పోతోంది. నవ్వుతో.

అత్తమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గొడుగు, పులిహోర గిన్నె, మరచెంబు. ముత్యాలయ్య చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. చెప్పులు గట్టు మీదే విప్పి, బోటుకి దండం పెట్టి, నేరుగా ముక్కు దగ్గరికొచ్చి మోటరు పక్కన కూర్చుంది. వెనక్కి కూర్చో అమ్మా అని మధు అంటే, ముందు సీటు కొనుక్కున్నోళ్లదంట్రా అంది. రఫీ వెనక కూర్చున్నాడు. మంచివాడు, నవ్వుమొహం. అత్తమ్మని చూసి, పెద్దమ్మా, బోటు నేను కొంటే నిన్ను రోజూ చెరువులో తిప్పుతా అన్నాడు. రొయ్యలకి నన్ను మేతగా ఏస్తావంట్రా అంది.

వెళ్లేటప్పుడు పోటు మీద నీళ్లెక్కువ, మోటరు ఎత్తే పని లేదు, అంతా బాగుంది. నీళ్లు, ఎండ, నత్తగుల్ల కొంగలు. రాజహంసలని చూసి అత్తమ్మ పులిహోర గిన్నె పక్కన పెట్టి మెడ చాచింది. తర్వాత, ఇంత దగ్గరున్నియ్యా ఇవి అంది. ఈ ఊరికి కాపురానికొచ్చి యాభై ఏళ్లు. నాతో కాదు, తనతోనే అన్నట్టు అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇసుక మేట. మధు వెనకనుంచి, ఊఁ, లాగు, రఫీ చూస్తా ఉండాడు అని అరిచాడు. పిడి పట్టుకున్నాను. అత్తమ్మ తాడు వైపు చూస్తోంది. నేను ఎందుకు లాగడం లేదో చూద్దామని కాబోలు, తాడు మీద వేలు వేసింది. వేలు కిందనుంచి పైకి జరిగింది. ఆ గట్టిపడ్డ చోట ఆగింది.

మళ్లీ ఒకసారి తడిమింది. తాడు మీదికి వంగి వాసన చూసింది.

ఆ కర్పూరం వాసనని ఆవిడ కంటే బాగా గుర్తుపట్టేవాళ్లు ఈ జిల్లాలో ఉన్నారా? నా మొహం వంక చూసింది. నేను కాలవ వంక చూశాను. ఒక్క క్షణమే. ఆ క్షణంలో మెట్టు మీద కర్పూరం, టార్చిలైటు మాట, కొక్కేనికి తగిలించిన తాడు, అన్నీ ఆవిడకి తిరిగి వస్తున్నట్టు నాకు అనిపించింది. నాకు అనిపించింది, అంతే.

లాగు మే అంది.

లాగాను. మోటరు సగం లేచింది. పటుక్కుమంది. పిడి నా చేతిలో. నాలుగోసారి.

నా చెయ్యి కదలకముందే అత్తమ్మ చెయ్యి కదిలింది. కంతలోకి జారిపోబోతున్న తాడు కొసని పట్టేసింది. రెండు చేతులా, బావిలో చేద తోడినట్టు, పళ్లు బిగబట్టి లాగింది. నేనూ ఆవిడ చేతుల పైన పట్టుకుని లాగాను. టక్.

టక్కు వినపడింది గానీ ఏమైందో వెనకున్నవాళ్లకి కనపడలేదు. గొడుగు అడ్డం. మధు, తెగిందా అని అరిచాడు. అత్తమ్మ ఆ తాడు కొస మీద పట్టుచీరతో సహా ఎక్కి కూర్చుంది. ఏం తెగిందిరా నీ మొహం, టక్కుమనింది ఇనపళ్లా అంది. పిడిని నా చేతిలోంచి లాక్కుని మరచెంబు వెనక దాచింది. శుక్రవారం పూజ చేసే మనిషి. ఏకాదశికి ఉపవాసం ఉండే మనిషి. నిజం చెప్పకపోతే అన్నం సహించదని కొడుక్కి నేర్పిన మనిషి.

రఫీ నిజంగానే నిరాశపడ్డాడు. అయినా పులిహోర మూడుసార్లు పెట్టించుకున్నాడు. మధు, సర్లే, ఆగింది గదా, ఉండనీ బోటు అన్నాడు. నేను నవ్వాపుకోలేక చేత్తో నీళ్లు చల్లుకున్నాను. ఎండ అన్నాను.

గట్టు దగ్గర మగవాళ్లు దిగి ట్రాలీ కోసం వెళ్లేదాకా అత్తమ్మ ఆ తాడు మీద నుంచి లేవలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

నాగూర్ పెళ్లి నుంచి వచ్చాడు. తాడు ఇచ్చాడు. ఒక దండం కూడా పెట్టాడు.

షెడ్డులో ఇద్దరం కూర్చుని వేశాం. వీడియో పెట్టలేదు. స్క్రూల గ్లాసు, పిన్నీసు, అన్నీ అడక్కుండానే వచ్చాయి. ఈసారి దూడ ముడే వేశాను. చివరికి అగ్గిపుల్ల గీసింది ఆవిడే. కొస కరిగి పూస కట్టడం చూసింది. పూస చల్లారాక బొటనవేలితో నొక్కి చూసింది.

చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఆవిడ, పాలోడు వచ్చినట్టుండాడు అని లేచి వెళ్లిపోయింది. పాలవాడు రావడానికి ఇంకా గంట టైముంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కర్పూరం బోటు మీద పెట్టలేదు. ట్రాలీ ఇనప కొక్కెం మీద పెట్టింది. అడగకుండానే చెప్పింది, బోటుని మోసేది ఇదే గదా, దీన్ని ఎవురూ పట్టించుకోరు అంది. యాభై ఏళ్ల పద్ధతి, ఒక్క మాటతో జరిగింది.

ఫ్రిజ్ మీద కనకాంబరాలు సగమే ఉన్నాయి. మిగతా సగం తాడు పిడికి చుట్టి ఉంది. ఏ సగం పెద్దదో కొలిచి చూడాలనిపించింది. కొలవలేదు.

ఇష్టమా, అలవాటా? ఇప్పుడు మూడోది కూడా చేరింది: తను చేసినది కప్పుకోవడమా? నాకు ఇప్పటికీ తెలియదు.